కామెడీ సీన్లో వినబడే ఘంటసాల గీత మన లిస్టులోకి వస్తుందా, రాదా?

ఉస్మాన్‌రోడ్డు:

వాట్సాప్‌లో మొన్నటి నుంచి ముక్కలు ముక్కలుగా నడుస్తున్న గొడవని ఇక్కడికి తెస్తున్నా, ఒక్కచోట తేల్చుకుందాం. కొత్తగా వచ్చినవాళ్ళకి ముందు సంగతి చెప్పాలి. మద్రాసులో ఉన్న మేం కొంతమందిమి (చెన్నై అనాలి, కానీ ఘంటసాల మాట వచ్చేసరికి నోటికి మద్రాసే వస్తుంది) నాలుగేళ్ళుగా ఒక లిస్టు రాసుకుంటున్నాం. ఆయన ఉంటాడని అనుకోని చోట ఆయన పేరో గొంతో తగిలితే ఎక్కడ తగిలింది, ఎవరికి తగిలింది, ఒక్క లైను. జయంతి సభలు, వర్ధంతి కచేరీలు, పాత పాటల ప్రోగ్రాములు లెక్కలోకి రావు. హోటల్‌కి వెళ్ళొచ్చి ఇడ్లీ కనబడిందని ఎవరైనా చెప్పుకుంటారా?

శనివారం రాత్రి ఇంట్లో అందరం ఓటీటీలో ఒక సినిమా చూస్తున్నాం. పేరు చెప్పను, చెప్పేంత సినిమా కాదు. విలన్ మనిషి వచ్చి హీరోని 'రేపు పొద్దున మీ ఇంటిముందు షామియానా వేయిస్తా' అని బెదిరిస్తాడు. సరిగ్గా అప్పుడే హీరో పక్కనున్న కమెడియన్ జేబులో ఫోను మోగుతుంది. రింగ్‌టోన్ ఏంటంటే ఘంటసాల మాస్టారి భగవద్గీత, 'పార్థాయ ప్రతిబోధితాం' అని. కమెడియన్ మొహం పాలిపోతుంది. మా ఇంట్లో అందరూ పగలబడి నవ్వారు, నేనూ నవ్వాను, అబద్ధం ఎందుకు. మా మేనల్లుడు కూడా నవ్వాడు. వాడు ఇక్కడే పుట్టాడు, బడిలో తమిళం, ఇంట్లో తెలుగు. రెండు నిమిషాలాగి నా దగ్గరకి జరిగి చెవిలో అడిగాడు: "మామయ్యా, ఇందాక ఎందుకు నవ్వారు?"

నేను వెంటనే లిస్టులో ఎక్కించేశా. పొద్దున లేచి చూస్తే ఎవరో ఆ లైను కొట్టేసి ఉంది. నేను మళ్ళీ ఎక్కించా, మళ్ళీ కొట్టేశారు. ఎవరు కొట్టేశారో నాకు తెలుసు, వాళ్ళే వచ్చి మాట్లాడతారు.

నా వాదన ఇది. తెలుగువాళ్ళలో ఇంకే గాయకుడి గొంతయినా మూడు సెకన్లు వినబడితే హాలు హాలంతా ఒకే అర్థం చేసుకుంటుందా? ఆయన పేరు చెప్పక్కర్లేదు, బొమ్మ చూపించక్కర్లేదు. ఇంతకంటే పెద్ద ప్రస్తావన ఏముంటుంది? ఎగతాళి కింద వాడుకున్నారా, భక్తితో వాడుకున్నారా అన్నది రెండో విషయం. మన లిస్టు పేరు 'ఎక్కడెక్కడ తగిలాడు' అని, 'ఎక్కడెక్కడ దండం పెట్టారు' అని కాదు.

నెల్లూరోడు, వేళచ్చేరి:

వస్తుంది. ఇందులో చర్చేముంది అన్నా. తగిలితే తగిలినట్టే.

పెరంబూర్ పిన్ని:

కొట్టేసింది నేనే. దాక్కోవలసిన పని నాకు లేదు.

బాబూ ఉస్మాన్‌రోడ్డూ, నీకంటే పాతికేళ్ళు పెద్దదాన్ని కనుక చనువుగానే చెప్తాను. మా నాన్నగారు రోజూ తెల్లారగట్ల గీత పెట్టేవారు. అప్పుడు రికార్డు, తర్వాత క్యాసెట్టు, ఇప్పుడు నాకు పెన్‌డ్రైవు. పొయ్యి మీద పాలు పెట్టి దాన్ని ఆన్ చేస్తే పాలు పొంగేలోపు అర్జునుడు విల్లు కింద పడేస్తాడు. నా పొద్దు అలా మొదలవుతుంది, యాభై ఏళ్ళుగా. అందులో చావూ లేదు, కన్నీళ్ళూ లేవు.

మా అపార్ట్‌మెంట్‌లో పన్నెండు ఇళ్ళు. పది తమిళులవి, ఒకటి మాది, ఒకటి ఈ జూన్‌లో గుంటూరు నుంచి వచ్చిన దంపతులది, మా పై అంతస్తు. వాళ్ళు దిగిన మూడో రోజు పొద్దున ఆరు కూడా కాలేదు, తలుపు దబదబా కొట్టారు. తీస్తే ఆ అబ్బాయి. జుట్టు చెదిరిపోయి ఉంది, బనీను మీదే వచ్చేశాడు, కాలికి చెప్పులు లేవు. వెనక మెట్ల మీద భార్య, చేతిలో ఏడాది పిల్ల. "ఏమైందండీ, ఎవరికండీ?" అంటున్నాడు. నాకు మొదట అర్థం కాలేదు. నా వెనక వంటింట్లో గీత నడుస్తోంది. అతను నా భుజం మీంచి లోపలికి చూస్తున్నాడు, నేల మీద ఎవర్ని పడుకోబెట్టారా అని. మా వారు పేపరు పట్టుకుని హాల్లోకి వస్తే ఆయన్ని చూసి హమ్మయ్య అనుకున్నాడో, ఆయన కాకపోతే ఇంకెవరా అనుకున్నాడో గాని అలా నిలబడిపోయాడు.

పాపం మంచివాడు. కాఫీ ఇచ్చి పంపాను. కానీ ఆ రోజంతా నాకు ఏదోలా ఉంది. పదకొండేళ్ళుగా ఇదే పెన్‌డ్రైవు ఇదే సౌండులో పెడుతున్నాను. ఎదురింటి తమిళావిడ ఒక్కసారి కూడా భయపడలేదు. ఆవిడ అడిగింది ఒకటే, "మామీ, ఇదు కండసాలా దానే?" అని. ఆవిడకి ఘంటసాల వినబడ్డాడు. గుంటూరు కుర్రాడికి శవం వినబడింది. ఆ కుర్రాడికి అలా వినబడేట్టు చేసింది మీరు నవ్వుకున్న సీన్లే. అందుకే కొట్టేశాను. మళ్ళీ ఎక్కిస్తే మళ్ళీ కొట్టేస్తాను.

రెండో చరణం:

పిన్నిగారి కోపంతో నాకు పనిలేదు, ఆవిడ చేసిన పని మాత్రం కరెక్టు. నా కారణం వేరు. ఈ లిస్టులో సగం తీసేయాలి, ఎందుకంటే సగం ఘంటసాలవి కావు.

నా రూలు చెప్తాను. ఒకటి, పేరు పలకాలి. లేదా గొంతు ఆయనదే వినబడాలి, అదీ గొంతు కోసం వినబడాలి. మాటలు మాత్రమే కనబడితే అది పాట రాసినవాడి ఖాతా, వరుస మాత్రమే వినబడితే అది మ్యూజిక్ డైరెక్టర్ ఖాతా. ఉదాహరణకి 2021లో 'కుడి ఎడమైతే' అని వెబ్ సిరీస్ వచ్చింది. ఎవరో దాన్ని ఎక్కించారు. అది 1953 దేవదాసులో పాట మొదటి ముక్క, పాడింది ఘంటసాలే, ఒప్పుకుంటా. కానీ ఆ టైటిల్ పెట్టినవాళ్ళు అరువు తెచ్చుకున్నది సముద్రాల మాట. గొంతు కాదు. అలాగే జంధ్యాల 1987లో తీసిన 'అహ నా పెళ్ళంట'. మాయాబజార్ పాట పేరు, పింగళి మాట. ఇంకా ఘోరం ఏంటంటే 'వివాహభోజనంబు' అని హోటల్ బోర్డు ఫొటో తీసి పెట్టారొకరు. బాబూ, ఆ పాట పాడింది మాధవపెద్ది సత్యం. తమిళ మాయాబజార్‌లో అదే పాట తిరుచ్చి లోగనాథన్. రెంటిలోనూ ఘంటసాల గొంతు లేదు. నవ్వాలో ఏడవాలో తెలీలేదు. మిస్సమ్మ పాట టీకొట్లో వినబడిందని ఇంకొకరు రాశారు. ఆ సినిమాలో రామారావుకి పాడింది ఏ.ఎం.రాజా!

సరైన ప్రస్తావన ఎలా ఉంటుందో చూడాలంటే తమిళం '96' చూడండి, 2018ది. హీరోయిన్‌కి జానకి అన్న పేరే ఎస్.జానకి మీద అభిమానంతో పెట్టారని సినిమాలోనే చెప్తారు. అది ప్రస్తావన అంటే. కథలోకి వచ్చింది, మనిషి పేరయ్యి కూర్చుంది. అదే సినిమాలో హీరో ప్రాణం పెట్టే 'యమునై ఆట్రిలే' మాత్రం జానకమ్మ పాట కాదు, 1991లో మిథాలీ బెనర్జీ పాడింది. జానకి ఫ్యాన్సు ఆ పాటని తమ ఖాతాలో వేసుకోరు. వాళ్ళకున్న పద్ధతి మనకి లేదు.

ఇక గీత. ఆ కామెడీ సీన్లో గొంతు వినబడింది గాని గొంతు కోసం కాదు. అంబులెన్స్ సైరన్ లాగా వాడారు. సైరన్ మోగితే సైరన్ కనిపెట్టినవాడి ప్రస్తావన అంటామా?

ఉస్మాన్‌రోడ్డు:

పిన్నీ, తలుపు కొట్టిన సంగతి నాకు ముందు చెప్పలేదు మీరు. ఊరికే కొట్టేశారనుకున్నా. సారీ. అయినా నా మాట మీదే ఉన్నా.

రెండో చరణం గారూ, మాధవపెద్ది విషయం, ఏ.ఎం.రాజా విషయం ఒప్పుకున్నా, ఆ రెండు లైన్లూ తీసేశా. కానీ 'అహ నా పెళ్ళంట' దగ్గర ఆగండి. ఆ పాటలో సుశీల గొంతుతో శశిరేఖ పాడుతూ పాడుతూ ఉంటే మధ్యలో ఒక్కసారిగా మగ గొంతు బయటపడుతుంది, మాయా శశిరేఖ లోపలున్న ఘటోత్కచుడు గుర్తొచ్చేట్టు. ఆ మగ గొంతు మాస్టారిది. ఆ తమాషా లేకపోతే ఆ పాట జనానికి ఇంత గుర్తుండేదా? పాటలో ఉత్త మాటలూ, ఉత్త వరుసా, ఉత్త గొంతూ అని కూరగాయలు తరిగినట్టు విడదీయగలరా మీరు? పైగా మాయాబజార్‌కి సంగీతం కూడా ఆయనదేనాయె. కొన్ని వరుసలు సాలూరివి అంటారు, సరే, అయినా.

ఓఎంఆర్ బ్యాచిలర్:

పెద్దవాళ్ళ గొడవలో నాదొక చిన్న బాధ. ఈ లిస్టు కోసం ఫోన్లో 'ఘంటసాల' అని న్యూస్ అలర్ట్ పెట్టుకున్నా. ఆఫీసులో మీటింగ్ మధ్యలో టింగు మంటుంది. ఆశగా తీస్తే మినుముకి తెగులు. మళ్ళీ టింగు. తీస్తే బౌద్ధ స్తూపం. ఘంటసాల అని కృష్ణా జిల్లాలో ఊరుంది, మండలం కూడా, అక్కడ వ్యవసాయ పరిశోధన కేంద్రం ఉంది. నేను ఉద్యోగం చేసేది కోడింగులో, పల్లాకు తెగులు ఎలా వస్తుందో మాత్రం ఇప్పుడు ఎవరికైనా క్లాసు చెప్పగలను. మాస్టారు పుట్టింది ఆ ఊళ్ళో కూడా కాదు, గుడివాడ దగ్గర చౌటపల్లిలో.

గీత విషయంలో నా ఓటు పిన్నిగారికి. ఎందుకంటే మా రూమ్మేట్ అలారం టోన్‌గా గీత పెట్టుకున్నాడు, మొదటి రోజు నేనూ బనీను మీదే లేచి పరిగెత్తా.

వడపళని బాబాయ్:

ఆలస్యంగా చూశాను. మీరంతా దూరం దూరం వెతుకుతున్నారు, ముక్కు కింద ఉన్నది చూడరు.

'పాడుతా తీయగా'లో ఆయన పేరు వినబడితే లెక్క కాదు అని రూలు పెట్టుకున్నారు కదా, ఎందుకంటే అది పాటల ప్రోగ్రాము. బాగుంది. ఆ ప్రోగ్రాము పేరు ఎక్కడిది? మూగ మనసులు, 1964, ఆత్రేయ రాసింది, మహదేవన్ వరుస, పాడిందెవరు? 1996లో ఈటీవీలో మొదలైన దగ్గర్నుంచి బాలు నవ్వుతూ 'పాడుతా తీయగా' అన్నప్పుడల్లా ఘంటసాల పాట పల్లవినే అన్నట్టు. ఎంతమంది పిల్లలు దాని మీద నిలబడి పాడారు! నాలుగేళ్ళ మీ లిస్టులో ఈ లైను లేదు. రెండో చరణం గారు దీన్ని ఆత్రేయ ఖాతాలో వేస్తారేమో, వేసుకోనివ్వండి. బాలుని అడిగి ఉంటే ఎవరి ఖాతా అనేవాడో నాకు తెలుసు.

ఇంకొకటి. శ్రీ వేంకటేశ్వర మహాత్మ్యం, 1960. గుళ్ళో స్వామి ముందు కూర్చుని 'శేషశైలావాసా' పాడే మనిషి వేషం వేసిన నటుడు కాదు, ఘంటసాలే. మొదటిసారి చూసినప్పుడు నేను పక్కవాణ్ణి గిల్లాను. అప్పటిదాకా గొంతే గాని మనిషిని తెర మీద అంతసేపు చూసింది లేదు నేను. దీన్ని లిస్టులో ఎక్కించొచ్చా? ఆయన సినిమాలో ఆయనే ఉంటే 'అనుకోని చోట' అవుతుందా? నాకైతే అయింది.

ఇక పోయిన నెల సంగతి. మా ఇంటి దగ్గరే విజయా మాల్. ఒకప్పుడు అది విజయా వాహినీ స్టూడియో స్థలం అని ఇక్కడ పాతవాళ్ళందరికీ తెలుసు, మాయాబజార్ తీసిన స్టూడియో. ఏసీ కోసం వెళ్ళి కూర్చుంటాను నేను, కొనేదేం లేదు. బెంచీ మీద నా పక్కన ఒక తమిళ పెద్దాయన, మనవరాలు చెప్పుల షాపులో ఉన్నట్టుంది. ఆయన ఫోన్లో సన్నగా 'ఆహా ఇన్బ నిలావినిలే'. అంటే మన 'లాహిరి లాహిరి'. తమిళంలోనూ ఘంటసాల, లీల వీళ్ళిద్దరే. నేను కదల్లేదు, పాట అయ్యేదాకా. అయ్యాక "యారు సార్ పాడినదు?" అని తెలీనట్టు అడిగాను. ఆయన నన్ను కింది నుంచి పైకి చూసి "కండసాలా" అన్నాడు, ఇది కూడా తెలీదా అన్నట్టు. ఆ పాట పుట్టిన నేల మీదే కూర్చున్నామని ఆయనకి చెబుదామనుకునే లోపు మనవరాలు వచ్చేసింది.

టేప్‌రికార్డర్:

బాబాయ్ గారి పోస్టు తర్వాత మాట్లాడటం కష్టం, అయినా గీత దగ్గరకే వస్తా, ఎందుకంటే పిన్నిగారు ఒక నింద తప్పు మనిషి మీద వేశారు.

మా నాన్నకి తెనాలి దగ్గర మైకుసెట్టు అద్దె షాపు ఉండేది. పెళ్ళికీ మేమే, చావుకీ మేమే. కాబట్టి నాకు తెలిసింది చెప్తా. గీతని చావు ఇంటికి తీసుకెళ్ళింది కమెడియన్లు కాదు, చావు ఇళ్ళవాళ్ళే. సినిమావాళ్ళు జనం దగ్గర్నుంచి తీసుకున్నారు, జనానికి నేర్పలేదు.

ఎందుకు తీసుకెళ్ళారంటే దానికి కారణం ఆ రికార్డులోనే ఉంది. ఏడు వందల శ్లోకాల గీతలోంచి కొన్ని ఏరి, శ్లోకం పాడి, వెంటనే తెలుగు తాత్పర్యం ఆయనే చెప్తారు. రెండో అధ్యాయం ఇరవై ఏడో శ్లోకం 'జాతస్య హి ధ్రువో మృత్యుః' వచ్చి, ఆ తర్వాత పుట్టినవాడికి చావు తప్పదు అన్న మాట తెలుగులో వినబడేసరికి, అరుగు మీద కూర్చున్న అక్షరం ముక్క రాని ముసలాయన కూడా తల ఊపేవాడు. పురోహితుడు చదివితే మంత్రం, ఇది చదివితే ఓదార్పు. పైగా క్యాసెట్టు ఖర్చు ఎంత? రాత్రంతా శవజాగారం చేసే ఇంట్లో ఎవరో ఒకరు మాట్లాడుతూ ఉండాలి, అందరి గొంతులూ పోయి ఉంటాయి. ఆ ఒక్క గొంతే తెల్లార్లూ మాట్లాడేది. మా నాన్న క్యాసెట్టు రెండో వైపు తిప్పడానికి నన్ను పంపేవాడు. తొమ్మిదేళ్ళవాణ్ణి, శవం పక్కనుంచి వెళ్ళి తిప్పాలి. ఆ గొంతు నడుస్తున్నంతసేపు భయం వేసేది కాదు. ఆగి, టక్కుమని బటన్ పైకి లేచినప్పుడు వేసేది.

తర్వాత వైకుంఠ రథాలు వచ్చాయి, వాటికి స్పీకర్లు పెట్టారు, ఊరంతా తిప్పారు. అప్పుడు వీధిలో వినబడటం అంటే చావే అన్న లెక్క కుదిరింది. సినిమా చివర్లో వచ్చి ఆ లెక్కని జోకుగా వాడుకుంది.

మాస్టారు ఆ గీత పాడింది ఆరోగ్యం చెడిన చివరి రోజుల్లో. 1974 ఫిబ్రవరి 11న పోయారు, యాభై ఒక్క ఏళ్ళకి. నాకెప్పుడూ అనిపిస్తుంది, ఆ శ్లోకాలు పాడేటప్పుడు ఆయనకి తన సంగతి తెలిసే ఉంటుందని. అందుకని చావుతో దాన్ని ముడిపెట్టడం అపచారం అంటే నేను ఒప్పుకోను. ఆ గొంతు ఎక్కడ అవసరమో అక్కడికి వెళ్ళింది.

లిస్టులో ఎక్కించాలా అంటే, ఎక్కించండి. కానీ సినిమా పేరుతో కాదు. చావు ఇంట్లో వినబడిందని ఎక్కించండి ముందు. దాని తర్వాతే జోకు.

పెరంబూర్ పిన్ని:

నాయనా టేప్‌రికార్డరూ, నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. మా నాన్నగారు పోయినప్పుడు కూడా పెట్టాం. పెట్టకపోతే ఎలా, ఆయనకి రోజూ అలవాటైన గొంతు కదా. కాబట్టి చావు ఇంట్లో పెట్టడం తప్పని నేను అనలేదు, అననూ అనను.

నా బాధ వేరే. చావుకి పెట్టండి, సరే. బతికున్నవాళ్ళకి కూడా మిగల్చండి అంటున్నాను. అందులో చావు గురించి ఉన్నది ఎంత? ఆ యుద్ధం చేయనని కూర్చున్నవాణ్ణి లేచి నిలబడి నీ పని నువ్వు చెయ్యి అని చెప్పడానికి కదా అంత గీత. ఎవరికి చెప్పాడు? శవానికి చెప్పాడా? పిల్లలకి పరీక్షల ముందు పెట్టాల్సిన క్యాసెట్టు అది. ఇప్పుడు పెడితే పిల్లలు జడుసుకుంటారు.

నా తమిళ ఎదురింటావిడకి ఉన్న అదృష్టం నా తెలుగు పై ఇంటి కుర్రాడికి లేకుండా పోయిందే అని నా ఏడుపు. మన భాషవాడు, మన గొంతు, మనకే సరిగ్గా వినబడకపోవడం ఏమిటి?

నెల్లూరోడు, వేళచ్చేరి:

పిన్నీ, తమిళుల గురించి మరీ అంత మంచిగా అనుకోకండి, వాళ్ళకీ ఒక గీత ఉంది. దాని పేరు 'ఉలగే మాయం'.

మన 'జగమే మాయ'కి తమిళం. తమిళ దేవదాసులోనూ మాస్టారే పాడారు. మా ఆఫీసులో ఎవడికైనా లవ్ ఫెయిలయితే, పక్క సీటువాడు శాలువా కప్పుకున్నట్టు తువ్వాలు వేసుకుని, దగ్గుతూ, 'ఉలగే మాయం, వాళ్వే మాయం' అని లాగుతాడు. కావాలని 'ళ'లు 'ల'లు తారుమారు చేసి, తెలుగువాడి తమిళం ఎలా ఉంటుందో అలా. ఆఫీసంతా నవ్వు. మొదట్లో నాకు ఒళ్ళు మండేది. మా గొప్ప గాయకుణ్ణి తాగుబోతు మిమిక్రీకి వాడతారా అని. ఒకరోజు ఉండబట్టలేక అడిగేశా, ఇది ఎవరు పాడారో తెలుసారా నీకు అని. వాడు తెలుసన్నాడు, "కండసాలా, మా పాట్టికి ఇష్టం" అన్నాడు, పాట్టి అంటే వాళ్ళ బామ్మ. అని ఊరుకోలేదు, 'దేశులావుదే తేన్ మలరాలే' అందుకున్నాడు, ఇది కూడా ఆయనదే కదా అంటూ. మన 'హాయి హాయిగా ఆమని సాగే' వరుస. రెండు లైన్లు, శ్రుతి తప్పకుండా పాడాడు వెధవ. ఈసారి 'ల'లు సరిగ్గా పలికాడు.

అప్పట్నుంచి నాకు కోపం పోయింది. వాడు ఎగతాళి చేస్తున్నది దేవదాసుని, మాస్టారిని కాదు. అందుకే నేను మొదట్లోనే ఒక్క ముక్కలో చెప్పా, తగిలితే తగిలినట్టే అని.

రెండో చరణం:

నెల్లూరు తమ్ముడూ, నీ కథ నా పక్షమే. వాడు పేరు చెప్పాడు, పాడి చూపించాడు. అందుకే అది ప్రస్తావన అయింది. పేరు అడగకముందు దాకా అది ఉత్త తువ్వాలు.

పాడుతా తీయగా గురించి బాబాయ్ గారికి జవాబు చెప్పాలి. రాత్రంతా ఆలోచించాను. నా రూలు ప్రకారం అది ఆత్రేయదే. కానీ ఆ రెండు మాటలు చదువుతుంటే నా బుర్రలో ఆత్రేయ మాట వినబడటం లేదు, ఆ గొంతే వినబడుతోంది. రూలులో ఎక్కడో బొక్క ఉంది. ఉంటే ఉండనీయండి. గీత కామెడీ సీను మాత్రం ససేమిరా.

ఉస్మాన్‌రోడ్డు:

సరే, ఇప్పటిదాకా లెక్క: సినిమా సీను కావాలన్నవాళ్ళం ఇద్దరం, వద్దన్నవాళ్ళు ముగ్గురు, ముందు చావు ఇల్లు రాసి తర్వాత సీను రాయమన్నవారు ఒకరు. బాబాయ్ ఎటూ చెప్పలేదు.

టేప్‌రికార్డర్ అన్న రాసినదాన్ని మా మేనల్లుడికి చదివి వినిపించా. తెలుగు చదవడం రాదు గాని వింటాడు. శవం పక్కనుంచి వెళ్ళి క్యాసెట్టు తిప్పిన ముక్క దగ్గర ఇంకోసారి చదవమన్నాడు. తర్వాత ఆ గీత పెట్టమన్నాడు. మొత్తం వినలేదు, ఒక పావుగంట విన్నాడు. "ఇందులో నవ్వేదేం లేదే" అన్నాడు. నాకు అప్పుడు తట్టింది, శనివారం ఆ గదిలో జోకు అర్థం కానిది వాడొక్కడికే, గీతని గీతగా వినగలిగేదీ వాడొక్కడే. పిన్ని ఎదురింటావిడ లాగా.

అయినా ఆ లైను ఉంచుతా. సినిమా పేరు తీసేసి, 'ఓటీటీ సినిమా, శనివారం రాత్రి, అందరూ నవ్వారు, ఒకడు ఎందుకని అడిగాడు' అని మార్చా. దాని పైన టేప్‌రికార్డర్ అన్నది పెట్టా: తెనాలి దగ్గర, రెండో వైపు. ఇక కొట్టేస్తారో ఉంచుతారో పిన్ని ఇష్టం.

వడపళని బాబాయ్:

నేను ఎటూ చెప్పలేదు అన్నావు. నాకు ఎనభై దాటాయి నాయనా. ఆ పాట నాకోసం మోగేటప్పుడు ఎలాగూ నేను వినను, కాబట్టి ఇప్పుడే రోజూ వింటున్నాను. పిన్నమ్మకే నా ఓటు.

పెరంబూర్ పిన్ని:

లైను కొట్టేయను, ఉండనీ. మార్చి రాశావుగా.

ఒక మాట చెప్పి వెళ్తాను. ఈ చర్చ చదివాక నాకు పట్టుదల వచ్చి ఈ పొద్దున మామూలు కంటే కాస్త గట్టిగా పెట్టాను. పావుగంటకి తలుపు చప్పుడు. తీస్తే పై ఇంటి గుంటూరు కుర్రాడే, ఈసారి చొక్కా వేసుకున్నాడు, చెప్పులూ ఉన్నాయి. నేను అడగకముందే చెప్పాను, "ఎవరికీ ఏమీ కాలేదు బాబూ" అని. అతను ఇబ్బందిగా నవ్వి, "అది కాదు ఆంటీ, అలవాటైపోయిందిలెండి. పాపకి రాత్రంతా జ్వరం, ఇప్పుడే కన్నంటుకుంది. కాస్త సౌండు తగ్గిస్తారా?" అన్నాడు.

తగ్గించాను.

ఓఎంఆర్ బ్యాచిలర్:

పిన్నిగారూ, దీన్ని లిస్టులో ఎక్కించొచ్చా?

రెండో చరణం:

కుదరదు. పేరు పలకలేదు.